అన్నా, నెలకి 3,400 కిలోమీటర్లు తిరుగుతా, సెకండ్ హ్యాండ్ ఈవీ తీసుకోవచ్చా?

ప్రశ్న: అన్నా నమస్తే. నేను అల్వాల్‌లో ఉంటా, పశువుల మందుల డిస్ట్రిబ్యూషన్ పని. వారానికి రెండుసార్లు సిద్దిపేట పోయి రావాలి, అక్కడ ఊళ్లల్ల తిరుగుడుతో కలిపి 190 దాకా అయితది. ఒకసారి కరీంనగర్, అది 300. మిగతా రోజులు సిటీలోనే. మొత్తం నెలకి 3,400 పడుతున్నయ్. ఇప్పుడున్నది 2014 డీజిల్ డిజైర్, 2.6 లక్షలు తిరిగింది, రిపేర్లు మొదలైనయ్. బడ్జెట్ 9 లక్షలు, మహా అయితే తొమ్మిదిన్నర. మూడు బండ్లు చూసిన. ఒకటి 2021 నెక్సాన్ ఈవీ, 41 వేలు తిరిగింది, 7.2 లక్షలు చెప్తున్నరు. రెండోది 2022 నెక్సాన్ ఈవీ మ్యాక్స్, 88 వేలు, 9.4 లక్షలు. మూడోది మా బామ్మర్ది చూపించిండు, ట్యాక్సీ కంపెనీలో నడిచిన ఎలక్ట్రిక్ సెడాన్, 1.35 లక్షలు తిరిగింది గానీ 4.6 లక్షలకే ఇస్తరంట. ఏది తీసుకోమంటవ్? అసలు నాలాగ తిరిగేటోడు ఈవీ జోలికి పోవచ్చా? పార్కింగ్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది, అసోసియేషన్ వాళ్లు ప్లగ్ పెట్టుకోనిస్తరో లేదో.

సమాధానం: తమ్ముడూ, ముందు నీ అసలు అనుమానం సంగతి చూద్దాం. నీలాగ తిరిగేటోడే ఈవీ కొనాలి. నెలకి ఐదారు వందల కిలోమీటర్లు ఆఫీసుకి పోయి వచ్చేటోళ్లు కొంటే మిగిలే పైసలు పెద్దగా ఏం ఉండవ్, శబ్దం లేదు, పికప్ మస్తుంది అని మురిసిపోవడమే. నీ లెక్క వేరే. ఏడాదికి 40 వేలు అంటే నీ డిజైర్ లీటర్‌కి 20 ఇస్తదనుకున్నా 2,000 లీటర్లు, మన దగ్గర డీజిల్ 96 దగ్గర వేసుకో, లక్షా 90 వేలు దాటిపోయింది. అదే ఈవీ అయితే గోడ ప్లగ్ దగ్గర యూనిట్‌కి 6 కిలోమీటర్లు వేసుకో, చార్జింగ్‌లో వేడి రూపంలో పోయేది కూడా అందులోనే కలిపిన, 6,700 యూనిట్లు అయితయ్. ఇంటి కరెంటు పై స్లాబుల్లో యూనిట్ 9, 10 రూపాయలు, బయట ఫాస్ట్ చార్జర్ల దగ్గర చోటును బట్టి 15 నుంచి 25. ఎక్కువ ఇంట్లో, కరీంనగర్ రోజు మాత్రం బయట అనుకుంటే 75, 80 వేలల్లో ఏడాది గడిచిపోతది. అంటే లక్షా పదివేలు చేతిలో మిగిలినట్టే, ఇంజన్ ఆయిల్, క్లచ్ ప్లేట్ల గోల లేకపోవడం దాని మీద బోనస్.

కాబట్టి ఈవీ వద్దు అని నేను అనను. కానీ నువ్వు పంపిన మూడు బండ్లల్ల ఇప్పుడున్న రేటుకి ఒక్కటి కూడా తీసుకోమని చెప్పలేను, ఎందుకో చెప్తా, జర ఓపిగ్గా చదువు.

సెకండ్ హ్యాండ్ కారు అనంగనే మనోళ్లు ముందు అడిగేది "ఏ సంవత్సరం మోడల్?" అని. పెట్రోల్ బండికి అది సరైన ప్రశ్నే. ఈవీకి, అందులోనూ నీలాగ తిరిగేటోడికి, అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న "బ్యాటరీ వారంటీలో ఇంకా ఎన్ని కిలోమీటర్లు మిగిలినయ్?" నెక్సాన్ ఈవీకి బ్యాటరీ, మోటార్ మీద 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందయితే అది. మామూలు మనుషులకి ఎనిమిదేళ్లు ముందొస్తయ్, నీకు కిలోమీటర్లు ముందైపోతయ్. నువ్వు చూసిన మ్యాక్స్ 88 వేలు తిరిగింది, మిగిలింది 72 వేలు, నువ్వు నెలకి 3,400 తింటవ్, 21 నెలల్లో వారంటీ ఖతం. అమ్మేటాయన మాత్రం "2030 దాకా వారంటీ ఉంది సార్" అంటడు, కాగితం మీద అది అబద్ధం కూడా కాదు, కానీ నీ విషయంలో అది రెండేళ్లు కూడా లేదు. అదే మ్యాక్స్ 45 వేలు తిరిగింది దొరికితే దాదాపు మూడేళ్లు కవర్ అయితవ్. మూడేళ్లల్ల నువ్వు డీజిల్ మీద మిగుల్చుకునేది 3 లక్షల పైన. వారంటీ అయిపోయినాక బ్యాటరీ ప్యాక్ పోతే ఖర్చు లక్షల్లో ఉంటది, ఆ మిగిలిందంతా అక్కడే కొట్టుకపోతది. వారంటీ అయిపోయిన మర్నాడే బ్యాటరీ చచ్చిపోతదని కాదు, చాలా బండ్లు అంతకు మించి నడుస్తయ్, కానీ ఆ రిస్క్ కంపెనీ నెత్తి మీద నుంచి నీ నెత్తి మీదకి వస్తది, రిస్క్ నీదైనప్పుడు రేటు కూడా దానికి తగ్గట్టు దిగాలి కదా.

అందుకే నీ కేసులో 2023 మోడల్ 90 వేలు తిరిగిన దానికంటే 2022 మోడల్ 40 వేలు తిరిగింది మేలు. అందరూ కొత్త మోడల్ వెనక పడతరు కాబట్టి ఈ పాత మోడల్, తక్కువ తిరిగిన బండ్లు బేరానికి కూడా వస్తయ్. ఇంట్లో రెండో కారుగా కొని సెల్లార్‌లో పెట్టుకున్నోళ్లవి, పెద్దాయన డాక్టర్ దగ్గరికి, గుడికి పోయి వచ్చినవి, అట్లాంటివి వెతుకు. వారంటీ బుక్‌లెట్ కూడా ఒకసారి తెరిచి చూడు, కెపాసిటీ ఎంత శాతం కిందికి పడితే మారుస్తరో, ఏ సర్వీస్ మిస్ అయితే క్లెయిమ్ ఒప్పుకోరో అందులోనే రాసి ఉంటది, ఎవరూ చదవరు.

ఇప్పుడు రేంజ్ సంగతి. కంపెనీ చెప్పే రేంజ్, అంటే ఒక్క ఫుల్ చార్జ్‌కి నెక్సాన్ 312, మ్యాక్స్ 437 కిలోమీటర్లు అనే అంకెల్ని మర్చిపో, అవి టెస్ట్ సైకిల్‌లో వచ్చినవి, నువ్వు సిద్దిపేట పోయే రాజీవ్ రహదారి మీద వచ్చినవి కావు. నువ్వు చూడాల్సింది నీ వారంలో పదేపదే వచ్చే కష్టమైన రోజు ఏది అని. నీకది కరీంనగర్ అనిపిస్తుండొచ్చు, నేనైతే సిద్దిపేట అంటా. ఎందుకంటే కరీంనగర్ వారానికి ఒక్కసారే, ఆ రోజు మధ్యల ఒక చార్జింగ్ ఎట్లాగూ తప్పదు, దానికి మానసికంగా తయారయ్యే బయల్దేరతవ్. సిద్దిపేట రెండుసార్లు, ఆ 190 కిలోమీటర్లు బయట ఎక్కడా ఆగకుండా, మే నెలల ఏసీ వేసుకొని, ఇంటికొచ్చేసరికి కొంచెం మిగిలేటట్టు ఉండాలి. లేకపోతే ప్రతి వారం రెండు రోజులు చార్జర్ దగ్గర కూర్చునుడే, నెల రోజుల్లో విసుగొచ్చి డిజైరే నయం అంటవ్.

ఆ లెక్కతో మొదటి బండి చూడు. 2021 నెక్సాన్ ప్యాక్ 30.2 కిలోవాట్ అవర్, మనం యూనిట్ అనేది అదే. 41 వేలు తిరిగింది, కొంచెం తగ్గి 92 శాతం ఉందనుకో, 27.8. హైవే మీద మర్యాదగా నడిపితే కిలోమీటర్‌కి 145 వాట్ అవర్ వేసుకో, 191 కిలోమీటర్లు వస్తయ్. నీ సిద్దిపేట రోజు 190. అంటే లెక్క ప్రకారం సరిగ్గా మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆగిపోతది, వాచ్‌మన్‌తో తోయించుకోవాలి. బండి మంచిదే, వారంటీ కూడా 1.19 లక్షల కిలోమీటర్లు మిగిలి ఉంది, సిటీలో తిరిగేటోడికి కళ్లు మూసుకొని తీసుకోమంటా. నీకు చిన్నది. ఫాస్ట్ చార్జింగ్ కూడా నెమ్మదే దానికి, 80 శాతం ఎక్కడానికి గంట పడతది, బయట 60 కిలోవాట్ చార్జర్ ఉన్నా బండి అంత తీసుకోదు.

మ్యాక్స్ ప్యాక్ 40.5. అది 89 శాతం ఉన్నా 36 దాకా ఉంటది. గంటకి 85 స్పీడ్ మీద నడిపితే 250 కిలోమీటర్ల దాకా లాగొచ్చు, సిద్దిపేట పోయి వచ్చి 20 శాతం పైన మిగులుతది, నిమ్మళంగా ఉండొచ్చు. వంద మీద పోతే కిలోమీటర్‌కి 160 తింటది, 225కి పడిపోతది, ఇంటికొచ్చేసరికి 15 శాతం. అదే శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కి 120 ఉంది కదా లిమిట్ అని తొక్కినవనుకో, పర్సెంటేజ్ కళ్ల ముందే కారిపోతది. గాలి నిరోధం వేగంతో పాటు మామూలుగా కాదు, వర్గం లెక్కన పెరుగుతది, డీజిల్ బండిలో కూడా ఇదే జరుగుతది, కాకపోతే అక్కడ ట్యాంకు పెద్దది, బంకు ఐదు నిమిషాలు, మనకి తెల్వదు అంతే. పొద్దున తొందరగా బయల్దేరి 85 మీద పోవడం నేర్చుకుంటే ఈవీ నీకు సగం లొంగినట్టే.

కరీంనగర్ రోజు మ్యాక్స్‌లో ఒక్క స్టాప్ చాలు, 35, 40 నిమిషాలు, అది భోజనం టైంలో పెట్టుకో. ఒకే చార్జర్‌ని నమ్ముకొని మాత్రం పోవద్దు. నేను ఒకసారి జనగామ దాటినాక ఒక చార్జర్ని నమ్ముకొని 9 శాతంతో పోతే అక్కడ కరెంటే లేదు, ఇంకోటి వెతుక్కొని 3 శాతంతో చేరిన, ఏసీ బంద్, అద్దాలు దించి, పక్కన మా ఆవిడ మౌనవ్రతం. అందుకే ఫోన్‌లో రెండు మూడు యాప్‌లు పెట్టుకో, 25 శాతం ఉన్నప్పుడే ఆగు, ప్లగ్‌షేర్ లాంటి దాంట్లో నిన్న మొన్న ఎవరైనా చార్జ్ చేసిండ్రా లేదా చూసుకొని పో.

ఇంటి చార్జింగ్ దగ్గర చాలామంది బోల్తా పడే ఒక విషయం ఉంది. మ్యాక్స్‌లో బండి లోపలి చార్జర్ రెండు రకాలు వచ్చినయ్, మామూలుగా 3.3 కిలోవాట్, ఎక్కువ డబ్బులు కట్టి తీసుకున్నోళ్లకి 7.2. 3.3 అయితే ఖాళీ నుంచి నిండడానికి 15 గంటలు, 7.2 అయితే ఆరున్నర గంటలు. నువ్వు కరీంనగర్ నుంచి రాత్రి 9కి 15 శాతంతో వచ్చి ప్లగ్ పెట్టి పొద్దున 6కి తీస్తే, 3.3తో 80 శాతం దాకానే ఎక్కుతది. ఆ 80తో మర్నాడు సిద్దిపేట పోతే మళ్లీ గుండె దడే. కాబట్టి 7.2 ఉన్న బండి వెతుకు, లేదా కరీంనగర్ మర్నాడు సిటీ పని పెట్టుకో. అమ్మేటాయనకి తన బండిలో ఏ చార్జర్ ఉందో తెలియకపోవచ్చు, ఆశ్చర్యపోకు, ఇన్వాయిస్ చూపించమను.

7.2 పెట్టాలంటే ఇంటి కరెంట్ లోడ్ పెంచుకోవాలి, కరెంటు కంపెనీ టీజీఎస్‌పీడీసీఎల్‌లో అప్లికేషన్ పెట్టాలి. సెల్లార్‌కి నీ మీటర్ నుంచే సపరేట్ కేబుల్ లాగిస్తా, కామన్ కరెంట్ ముట్టుకోను, ఎంసీబీ, ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో పక్కాగా చేయిస్తా అని అసోసియేషన్‌కి లెటర్ రాసివ్వు. వాళ్ల భయం నిప్పు కంటే ఎక్కువ కామన్ బిల్లు గురించే ఉంటది, మీటర్ నీదే అని తెలిస్తే సగం మంది చల్లబడతరు. మిగతా సగం కోసం కార్యదర్శి గారికి ఒక రౌండ్ ఈవీలో తిప్పు. పర్మిషన్ మాట తేలేదాకా మాత్రం ఏ బండికీ అడ్వాన్స్ ఇవ్వకు. ఇంట్లో ప్లగ్ లేకుండా నెలకి 3,400 కిలోమీటర్లు బయట చార్జర్ల మీదే అంటే పైసలూ మిగలవు, నిద్రా మిగలదు. ఎర్తింగ్ గురించి ఊరికే అనలేదు, పాత బిల్డింగుల్లో ఎర్త్ సరిగ్గా లేకపోతే చార్జర్ ఎర్రలైటు వేసి మొరాయిస్తది, జనం బండి ఖరాబైంది అనుకొని షోరూమ్‌కి పరుగెత్తుతరు.

బామ్మర్ది బండి గురించి. ఆయన మనసు మంచిదే, రేటు చూసి మురిసిపోయిండు, ఇంట్లో లొల్లి కాకుండా నువ్వే చెప్పుకో, నా పేరు మీద తోసేసినా పర్లేదు. ఫ్లీట్‌లో నడిచిన బండి రోజుకి రెండుసార్లు ఫాస్ట్ చార్జింగ్, ఇద్దరు డ్రైవర్లు షిఫ్టుల్లో, ఎవరికీ సొంతం కాదు. కొన్ని పాత సెడాన్లల్ల భారత్ డీసీ-001 అనే పోర్ట్ ఉంటది, 15 కిలోవాట్ల చార్జర్, ఇప్పుడు హైవేల మీద పెడుతున్నవన్నీ సీసీఎస్-2 అనే వేరే రకం ప్లగ్, అది దీనికి పట్టదు. ట్యాక్సీలకి 80 మీద స్పీడ్ గవర్నర్ ఉంటది. నెంబర్ ప్లేట్ చూడు, ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలుంటే కమర్షియల్, తెల్ల అక్షరాలుంటే సొంతం. కమర్షియల్ నుంచి సొంతానికి మార్చుకోవాలంటే పర్మిట్ సరెండర్, ఫైనాన్స్ క్లియరెన్స్, ఆర్టీఏ చుట్టూ తిరుగుడు. అన్నిటికంటే ముఖ్యం, 1.35 లక్షల దగ్గర బ్యాటరీ వారంటీ నీకు మిగిలేది దాదాపు సున్నా. 4.6 లక్షలు చవక కాదు తమ్ముడూ, రిస్క్ మొత్తం నీ ఒళ్లో పెట్టి దాని పేరు డిస్కౌంట్ అంటున్నరు.

బండి చూడ్డానికి పోయినప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌తో ఇది తేలదు, ఒక ఆదివారం పొద్దంతా పెట్టుకో. ముందు రోజు రాత్రే 100 శాతం చార్జ్ పెట్టి ఉంచమని అడుగు. ట్రిప్ మీటర్ సున్నా చేసి ఓఆర్ఆర్ మీద, సిటీలో కలిపి 40 శాతానికి వచ్చేదాకా నడుపు. ఉదాహరణకి 150 కిలోమీటర్లు నడిచింది, సగటు వాడకం కిలోమీటర్‌కి 145 వాట్ అవర్ చూపించిందనుకో. 150ని 145తో గుణిస్తే 21,750, అంటే 21.75 కిలోవాట్ అవర్. వాడింది 60 శాతం కాబట్టి 0.6తో భాగించు, 36.25. కొత్తప్పుడు 40.5, అంటే 89 శాతం ఆరోగ్యం. ఇది ల్యాబ్ రిపోర్ట్ కాదు గానీ అబద్ధం చెప్పదు. 88 వేలు తిరిగినదానికి 88, 90 వస్తే సంతోషించు, 80 దగ్గరికి వస్తే దండం పెట్టి వచ్చేయ్. 40 శాతం దాకా ఎందుకు అంటే, నెక్సాన్‌లో ఉండే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అదే ఎల్ఎఫ్‌పీ బ్యాటరీల్లో వోల్టేజ్ మధ్యలో చాలాసేపు ఒకేలాగ ఉంటది, మీటర్‌కి కూడా ఎంత మిగిలిందో సరిగ్గా అర్థం కాదు, చిన్న డ్రైవ్‌లో అంతా బాగున్నట్టే కనపడతది. సెల్స్‌లో ఒకటి బలహీనంగా ఉంటే శాతాలు దిగుతున్నకొద్దీ బయటపడతది, మంచిగనే చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా కిందికి దూకుతది. అట్లా దూకిందా, ఇక మాట్లాడేదేం లేదు. ఈ రకం బ్యాటరీని వారానికి ఒకసారైనా 100 దాకా ఎక్కించాలి, అది తెలియని ఓనర్ చేతిలో ఉన్న బండి కూడా ఇట్ల తప్పుడు శాతాలు చూపించొచ్చు, అందుకే ముందు ఫుల్ చార్జ్ అడగమన్నా.

బండి కంప్యూటర్ పోర్ట్‌కి పెట్టే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఒకటి కొనుక్కుంటే ఫోన్‌లో సెల్ వోల్టేజీలు కూడా కనపడతయ్. సగం చార్జ్ దగ్గర ఎక్కువ ఉన్న సెల్‌కి, తక్కువ ఉన్న సెల్‌కి తేడా వందల మిల్లీవోల్టులు ఉంటే వద్దు. ఇవన్నీ అయినాక సర్వీస్ సెంటర్లో పైసలు కట్టి బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ తీయించు, అమ్మేటాయన దానికి ఒప్పుకోకపోతే కారణం ఆయనకి తెలుసన్నట్టే. వారంటీలో ప్యాక్ మార్చిన బండి అని తెలిస్తే భయపడకు, కాగితాలు పక్కాగా ఉంటే అది నీకు ప్లస్సే.

టెస్ట్ చివర్ల ఒక ఫాస్ట్ చార్జర్ దగ్గరికి తీసుకపోయి ప్లగ్ పెట్టు, ఆ నాలుగైదు వందలు నువ్వే కట్టు. పోర్ట్ పనిచేస్తలేదని ఇంటికి తెచ్చుకున్నాక తెలిస్తే ఏడవాల్సొస్తది. ఏసీ ఫుల్‌లో పెట్టి చూడు. ఏసీ చల్లగా రాకపోతే చెమటే కదా అనుకోకు, చాలా బండ్లల్ల బ్యాటరీని చల్లబరిచేది కూడా ఆ వ్యవస్థే, 42 డిగ్రీల ఎండలో సిద్దిపేట నుంచి వస్తూ దారిలో ఫాస్ట్ చార్జ్ పెడితే అది సరిగ్గా లేకుంటే చార్జింగ్ స్పీడ్ పడిపోతది, బ్యాటరీ వయసూ తగ్గుతది. బండి కిందికి వంగి ప్యాక్ ప్లేట్ మీద గీతలు, సొట్టలు చూడు, మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు తెలిసినవే కదా. టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు ఎట్లాగూ చూస్తవ్, బరువైన బండి కాబట్టి తొందరగా అరుగుతయ్.

నీళ్లల్ల మునిగిన బండ్ల గురించి గట్టిగా చెప్తున్నా. 2020 అక్టోబర్ వానలకి మన దగ్గర సెల్లార్లు, కాలనీలు ఎట్ల మునిగినయో నువ్వు చూసే ఉంటవ్. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు పొంగింది. ఇట్లాంటప్పుడు మునిగిన బండ్లు కడిగి, సెంటు కొట్టి, ఇంకో ఊరి మార్కెట్‌లో తేలడం కొత్తేం కాదు. బ్యాటరీ ప్యాక్ ఐపీ67 అంటే మీటర్ లోతు నీళ్లల్ల అర్ధగంట తట్టుకుంటది, రెండు రోజులు నానబెట్టమని కాదు, పైగా కనెక్టర్లు, వైరింగ్, కంట్రోలర్లు ప్యాక్ బయట ఉంటయ్. సీటు బెల్ట్ పూర్తిగా లాగి చివర బురద మరక చూడు, సీట్ల కింద బోల్టుల తుప్పు చూడు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడుగు.

కాగితాల దగ్గర మామూలు జాగ్రత్తలే, లోన్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ, ఆర్సీలో లోన్ తీసేయించే ఫారం 35, ట్రాన్స్‌ఫర్‌కి 29, 30. వేరే రాష్ట్రం బండి రేటు తక్కువని పోకు, నీకున్న పనిలో ఎన్ఓసీ చుట్టూ తిరిగే టైం లేదు. బ్యాటరీ అద్దె స్కీమ్‌లో కొన్న బండ్లు కూడా ఇప్పుడు మార్కెట్లోకి వస్తున్నయ్, 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ఎంజీ విండ్సర్ లాంటివి, బండి ధర తక్కువ, బ్యాటరీకి కిలోమీటర్‌కి ఇంత అని. విండ్సర్‌కి మొదట్లో చెప్పింది కిలోమీటర్‌కి మూడున్నర రూపాయలు, నీ 40 వేలకి ఏడాదికి లక్షా 40 వేలు, డీజిల్ మీద మిగిలేదంతా అటే పోతది. అట్లాగే కొత్త బండ్లకి చెప్తున్న జీవితకాల బ్యాటరీ వారంటీ మొదటి ఓనర్‌కే, చేతులు మారితే మామూలు పరిమితి మొదలైతది.

ఇంకోటి, ఎవరూ చెప్పరు, కనెక్టెడ్ కార్ యాప్ పాత ఓనర్ అకౌంట్ నుంచి తీసేయించి నీ నెంబర్ మీదకి మార్పించు. నేను మార్పించలే. కొన్న మూడు వారాలకి ఒకామె ఫోన్ చేసి "మా ఆయన బెంగళూరు పోతున్నా అని చెప్పిండు, కారేమో యాదగిరిగుట్టలో చూపిస్తుంది, మీరెవరు?" అని అడిగింది. కారు అమ్మిన సంగతే ఆయన ఇంట్లో చెప్పలేదంట. నేను ప్రసాదం లైన్లో నిలబడి ఒక సంసారం సర్దాల్సి వచ్చింది. బండితో వచ్చే పోర్టబుల్ చార్జర్, రెండు తాళాలు కూడా అప్పుడే అడిగి తీసుకో, తర్వాత ఫోన్ ఎత్తరు.

మరి ఏం కొనాలి అంటే, 40 కిలోవాట్ అవర్‌కి అటూ ఇటూ ప్యాక్, 50 వేల లోపు తిరిగింది, సొంత రిజిస్ట్రేషన్, వీలైతే 7.2 చార్జర్. నెక్సాన్ మ్యాక్స్‌లోనే ఇంకోటి వెతుకు. ఎక్స్‌యూవీ 400లో 39.4 ప్యాక్ ది కూడా చూడు, దానికీ 8 ఏళ్లు, 1.6 లక్షలే, కొత్త అమ్మకాలు తక్కువ కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో రేటు బాగా పడింది, కొనేటోడికి అది వరమే. 2022 తర్వాతి జడ్‌ఎస్ ఈవీ 50.3 ప్యాక్ నీ బడ్జెట్‌లో దొరికితే నీ సిద్దిపేట రోజు చాలా హాయిగా అయిపోతది, దాని వారంటీ 1.5 లక్షలు అని మాత్రం గుర్తుంచుకో. కోనా ఎలక్ట్రిక్ బండి బంగారమే గానీ 2019, 2020వి ఎనిమిదేళ్ల గడువుకి దగ్గరపడినయ్, 2020లో బ్యాటరీ రీకాల్ కూడా అయ్యింది, వదిలేయ్. నీలాంటి తిరుగుడుకి పుట్టిన బండి అంటే బీవైడీ ఈ6, 71.7 ప్యాక్, బ్యాటరీకి 5 లక్షల కిలోమీటర్ల వారంటీ, కానీ నీ బడ్జెట్ దాటిపోతది, ఎప్పుడైనా లాటరీ తగిలితే చూద్దాం.

నువ్వు చూసిన మ్యాక్సే నచ్చింది, తెలిసినోళ్లది, హెల్త్ రిపోర్ట్ కూడా బాగొచ్చింది అంటే కొనొద్దని అడ్డంపడను, కానీ 9.4కి కాదు, 8 లోపే మాట్లాడు. 21 నెలల వారంటీ మిగిలింది, నాలుగేళ్లు నడిపినాక మీటర్ రెండున్నర లక్షలు చూపిస్తది, అప్పుడు తిరిగి అమ్మితే వచ్చేది సున్నా అనుకొనే లెక్క వేసుకో. "నేను 19 లక్షలు పెట్టి కొన్నా సార్" అంటడాయన. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా కొత్త ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేదని, అందుకే కొత్త బండ్లే చవకైనయని, నవ్వుతూ చెప్పు. డీలర్ దగ్గర అయితే "18 శాతం జీఎస్టీ సార్" అని మొత్తం రేటు మీద కలపడానికి చూస్తడు, అది డీలర్ మార్జిన్ మీద మాత్రమే, నువ్వూ ఓనరూ నేరుగా చేసుకుంటే అసలు ఉండదు.

డిజైర్‌ని మాత్రం ఇప్పుడే అమ్మకు. ఎట్లాగూ దానికి వచ్చేది పెద్దగా ఏం లేదు. ఈవీ వచ్చినాక రెండు నెలలు కరీంనగర్ రోజు డిజైర్‌లోనే పో, సిద్దిపేట ఈవీలో పో, ఎక్కడ ఏ చార్జర్ పనిచేస్తుందో, నీ కాలు ఎంత బరువో తెలుస్తది. మూడో నెల కరీంనగర్ కూడా ఈవీలో పోయి నిమ్మళంగా ఇల్లు చేరినవా, అప్పుడు ఓఎల్ఎక్స్‌లో డిజైర్ ఫోటోలు పెట్టు.